బాబాయ్ ఏరి ఇచ్చిన చేపలు

నాకు నీళ్లంటే భయం. చేపల మీద పీహెచ్‌డీ చేసేదానికి నీళ్లంటే భయమేంటని నవ్వేవాళ్లు నవ్వొచ్చు, మా ల్యాబ్‌లో అందరూ నవ్వారు. చిన్నప్పుడు మాచర్ల దగ్గర సాగర్ కాలవలో కాలుజారి పడితే ఎవరో జుట్టు పట్టి లాగారు. అప్పటి నుంచి మోకాలి లోతు దాటి ఎక్కడా దిగలేదు. ఈ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఈ భయం వల్లే నేను ఒక మనిషికి అబద్ధం చెప్పాను. కావాలని చెప్పలేదు. అయినా చెప్పాను, ఆయన నమ్మాడు, నమ్మి తిన్నాడు.

మాచర్లలో మా నాన్నది మెకానిక్ షాపు. పొలాలకు పురుగుమందు కొట్టే ఇంజన్ స్ప్రేయర్లు బాగుచేస్తాడు. మిర్చి సీజన్ వచ్చిందంటే షాపు ముందు నిలబడటానికి చోటుండదు. బడి నుంచి వచ్చి నేను అక్కడే ఒక డబ్బా మీద కూర్చుని హోంవర్క్ చేసుకునేదాన్ని. ఆ మందు వాసన నా పుస్తకాలకు పట్టేది, అమ్మ కట్టిచ్చిన క్యారేజీకి పట్టేది. ఈ స్ప్రేయర్లన్నీ కడిగి తెస్తారా నాన్నా అని ఒకసారి అడిగాను. "కడక్కుండా తెస్తే నేను ముట్టుకోను. యాడ కడుగుతారో మాత్రం అడగను," అన్నాడు. నాన్న అడగని ప్రశ్నను నేను పట్టుకున్నాను. వాళ్లు వాగుల్లో కడుగుతారు, చెరువుల్లో కడుగుతారు. ఎండకు నీళ్లు వేడెక్కి, ఆక్సిజన్ తగ్గి, పైనుంచి ఈ మందు కూడా చేరితే లోపలున్న చేప ఏమవుతుంది? ఇదీ నా పరిశోధన.

దీనికి రెండు చెరువులు తీసుకున్నాను. ఒకటి సాగర్ కాలవ నీళ్లతో నిండేది, చుట్టుపక్కల మందు కొట్టే పొలాలు లేనిది. అది పోల్చుకోవడానికి మాత్రమే. అసలు చెరువు ఈపూరు దగ్గర. దాని పైనంతా మిర్చి, పత్తి చేలు. వాన కురిస్తే ఆ చేల నీళ్లన్నీ ఒక వాగులో పడి చెరువు మూలకు వచ్చి చేరతాయి. రైతులు స్ప్రేయర్ ట్యాంకులు నింపుకునేదీ, మందు కొట్టాక కడుక్కునేదీ ఆ మూలనే. నాకు ఆ మూల చేపలు కావాలి. నెలకు ఆరు శీలావతి చేపలు, ఏడాది పాటు.

ఆ చెరువులో చేపలు పట్టుకునే ఆయనకు అరవై దాటాయి. సన్నగా, నల్లగా, చెవి మీద ఎప్పుడూ ఒక బీడీ. మొదటి రోజు నుంచీ బాబాయ్ అన్నాను. ఆయన నన్ను అమ్మాయ్ అనేవాడు, వెక్కిరించాలనుకుంటే మేడమ్మా అనేవాడు. థర్మాకోల్ ముక్కల చుట్టూ పట్టా చుట్టి కట్టిన తెప్ప ఆయనది. దాని మీద గొంతుక్కూర్చుని చేత్తోనే తెడ్డు వేసుకుంటూ పోయేవాడు. నన్ను కూడా ఎక్కమన్నాడు. నా మొహం చూసి సంగతి తెలుసుకుని, "సరే మేడమ్మా, కట్ట మీద కూచ్చో. చేపలు నేను తెస్తా, సదువు నువ్వు సదువుకో," అన్నాడు.

పట్టడానికి వెళ్లే ముందు ఆయన నన్ను ఒకటే అడిగాడు.

"పోయినేడు మందులు కొట్టే రోజుల్లో ఆ మూల చేపలు తేలినయ్యి. ఎండకు డస్సినయ్యిలే అనుకున్నా. మేం ఇంట్లో అయ్యే తింటాం. నీ మిషన్లలో చూసి, తినొచ్చో తినకూడదో ఒక్క మాట చెప్పమ్మాయ్. నాకంతే చాలు."

చెబుతాను బాబాయ్ అన్నాను. ఎంత తేలిగ్గా అన్నానో.

ఆయన ఇల్లు కట్ట దిగగానే ఉంటుంది. పొద్దున నరసరావుపేటలో మొదటి బస్సు పట్టుకుని నేను వచ్చేసరికి పిన్ని, అంటే ఆయన భార్య, టీ పెట్టి ఉంచేది. ఒకసారి మధ్యాహ్నం అన్నం తినకుండా కదలనివ్వలేదు. చేపల పులుసు. నాకు చిన్న స్టీలు గిన్నెలో విడిగా పెట్టింది, బాబాయికి పొయ్యి మీదున్న దాకలోంచి వడ్డించింది. తను మాత్రం పచ్చడి కలుపుకుంది. "నేను చేపలు మానేశాలే. పోయినేడు తింటే నోటినిండా నీళ్లూరి, కళ్లు మసకలు కమ్మినయ్," అంది.

ఆ మాట నేను రాసుకోలేదు. అదీ నా తెలివి. నా మనసంతా ఆ స్టీలు గిన్నె మీదే ఉంది. మేం ముస్లింలమని నాకు వేరే గిన్నెలో పెట్టారని లోపల మండిపోయింది. ఇలాంటివి నాకు కొత్త కాదు, హాస్టల్లో చూశాను, బస్సులో పక్కన కూర్చున్నావిడ పేరడిగి జరిగి కూర్చోవడం చూశాను. పైకి నవ్వుతూ తిన్నాను. పులుసు చాలా బాగుంది, ముక్కలు గట్టిగా, తియ్యగా ఉన్నాయి. అదే కోపంలో దాక వైపు తలతిప్పి కూడా చూడలేదు.

చేపతో నా పని చెప్పాలంటే కసాయి పనే. ఐస్ పెట్టెలో తెచ్చిన చేప తల కోసి, మెదడు తీసి, నూరి, అందులో ఒక ఎంజైమ్ ఎంతుందో చూడాలి. నరాలు పని చేసి మళ్లీ నెమ్మదించాలంటే ఆ ఎంజైమ్ ఉండాలి. పురుగుమందు దాన్నే దెబ్బ తీస్తుంది. అది తగ్గితే ఒళ్లు వణుకుతుంది, కండరం పట్టు తప్పుతుంది, నోట్లో నీళ్లూరతాయి, చూపు మసకబారుతుంది. ఆఖరికి ఊపిరాడదు. ఇవన్నీ నాకు కంఠతా వచ్చు. గాజు గొట్టంలో రసాయనం కలిపితే, మెదడు బాగున్న చేపకు చక్కటి పసుపు రంగు తిరుగుతుంది. మందు తగిలినదానికి వెలిసిపోయిన రంగు వస్తుంది.

బాబాయ్ ఇచ్చిన చేపలన్నీ పసుపే. జూలైలో పసుపు, ఆగస్టులో పసుపు. ఆ మూలలో స్ప్రేయర్లు కడుగుతుంటే నా కళ్లారా చూసిన అక్టోబరులో కూడా పసుపే. కాలవ నీళ్ల చెరువుకూ దీనికీ తేడా లేదు. నిజం చెప్పాలంటే నాకు నిరాశగా ఉండేది. తేడా లేని పరిశోధన ఎవరికి కావాలి? ఆ నిరాశలోనే డిసెంబరులో వెళ్లినప్పుడు ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పాను.

"బాబాయ్, అడిగావు కదా. ఆరు నెలలు చూశాను. మీ చేపలకేం కాలేదు, తినొచ్చు. పిన్నీ, నువ్వు కూడా తినొచ్చు."

బాబాయ్ మొహం చూడాలి అప్పుడు. "ఇన్నావా," అన్నాడు పిన్నితో. "పీహెచ్‌డీ మేడం చెప్పింది. ఇంక నాతో పోట్లాడమాక." పిన్ని నా వైపు చూసి, "నువ్వు చెబితే సరేనమ్మా," అంది.

ఆ చలికాలంలో ఆయన వల అల్లుకుంటూ సూదిలో దారం ఎక్కించలేక తంటాలు పడేవాడు. నేనే ఎక్కించి ఇచ్చేదాన్ని. కళ్లజోడు పెట్టించుకో బాబాయ్ అని వెక్కిరించాను కూడా. చేయి వణికేది. మాట్లాడుతూ తువ్వాలుతో మూతి తుడుచుకునేవాడు. ల్యాబ్ తొట్టెల్లో మందు నీళ్లలో వదిలిన చేపలకు వణుకుందా లేదా అని పావుగంటకోసారి చూసి గళ్లలో టిక్కు పెట్టేదాన్ని నేను. ఎదురుగా మనిషి వణుకుతుంటే వయసైపోతోంది అనుకున్నాను. ఇది తలుచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తుంది.

ఫిబ్రవరిలో మా గైడ్ సార్ నా అంకెలు చూసి కాగితాలు బల్ల మీద పడేశారు. "ఈ చెరువులో బక్కదీ, జబ్బుదీ ఒక్కటి కూడా లేదా? ఆరుకి ఆరూ ఒక తల్లి బిడ్డల్లా ఉన్నాయి. చేతికి వచ్చింది వచ్చినట్టు తీసుకున్నామని రాశావు. పడుతుంటే నువ్వు చూశావా?" అన్నారు. కట్ట మీద కూర్చుని చూశానన్నాను. "కట్ట మీద నుంచి ఏం కనపడుతుంది? ఈసారి తెప్ప ఎక్కకపోతే నా గదికి రాకు," అన్నారు.

ఒళ్లు మండింది. అయినా వెళ్లాను. అప్పటికి ఎండ ముదిరింది. కాయ కోతలు మొదలైనా చేలల్లో మందు కొట్టడం ఆగలేదు. నేను తెప్ప ఎక్కుతానంటే బాబాయ్ పగలబడి నవ్వాడు. నా నడుముకు తాడు కట్టి, దాని రెండో కొస తన నడుముకు కట్టుకున్నాడు. "పడితే ఇద్దరం పడతాం, భయపడమాక," అన్నాడు. నేను తెప్ప అంచును రెండు చేతులా పట్టుకుని కళ్లు మూసుకున్నాను. మూలకు చేరేసరికి ఆ వాసన తగిలింది. మా నాన్న షాపు వాసనే.

ఆయన లేచి నిలబడి వల విసిరాడు. విసిరాక ఒక నిమిషం వంగి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని ఆయాసపడ్డాడు. తర్వాత లాగాడు. వలలో పది పన్నెండు చేపలున్నాయి. వాటిలో కొన్ని ఎగిరెగిరి పడుతున్నాయి. కొన్ని పక్కకు వాలి, మొప్పలు ఒకసారి ఆడించి ఊరుకుంటున్నాయి. ఆయన ఒక్కొక్కదాన్నీ చేతిలోకి తీసుకుని, మొప్ప ఎత్తి చూసి, ఎగిరేదాన్ని నా బకెట్లో వేశాడు. కదలనిదాన్ని తన కాళ్ల దగ్గరున్న సిమెంటు సంచిలో వేశాడు. ఆలోచించనవసరం లేనంత అలవాటుగా వేస్తున్నాడు.

"ఆ సంచిలోవి ఏంది బాబాయ్?"

"అయ్యి ఇంటికమ్మాయ్."

"నాకెందుకు వెయ్యలేదు?"

"అయ్యి నీకెట్టా ఇస్తాను? సచ్చుబడిపోయినయ్యి. మంచియ్యి నీకూ, బేరానికీ. ఇట్టాంటియ్యి మేం వండుకుంటాం. ఏం కాదులే, ఎండకు డస్సినయ్యంతే."

"మొదటి నుంచీ ఇంతేనా?"

"మరి? ఇంటికొచ్చిన ఆడపిల్లకి ఎవడన్నా సచ్చుబడ్డ చేప ఇస్తాడా?"

ఎనిమిది నెలలు. ఆయన చేయి ఆ చెరువులో ఆరోగ్యంగా ఉన్న చేపలన్నీ ఏరి నా పెట్టెలో పెట్టింది, జబ్బువన్నీ ఏరి ఆయన దాకలో పెట్టింది. నా స్టీలు గిన్నె ఎందుకు వేరో అప్పుడు తెలిసింది. నాకు మంచి ముక్కలు విడిగా వండింది పిన్ని. నేను మతం లెక్కలు వేసుకుంటూ ఆ పులుసు తిన్నాను.

అరిచాను. నీళ్ల మధ్యలో, ఆయన నడుముకు కట్టిన తాడుతోనే ఉండి, ఆయన మీదే అరిచాను. ఎవరు ఏరమన్నారు, నీ ఇష్టం వచ్చినట్టు ఏరితే నా చదువేం కావాలి అని. అప్పుడు కూడా నా చదువే. మనిషి చిన్నబోయాడు. చేత్తో నీళ్లు తోసుకుంటూ తెప్పను ఒడ్డుకు తెచ్చాడు. సంచిలో నుంచి రెండు చేపలు ఇమ్మన్నాను. "అయ్యొద్దమ్మా, సిగ్గుచేటు," అని సంచి మూతి బిగించి పట్టుకున్నాడు. నేను లాక్కున్నాను. దిగాక కూడా ఆయన నా చేతిలో ఉన్న ఆ రెండు చేపల వంకే చూస్తూ నిలబడ్డాడు, ఏదో తప్పు చేసి దొరికిపోయినవాడిలా.

మర్నాడు ల్యాబ్‌లో రెండు గొట్టాలూ వెలిసిపోయే ఉన్నాయి. మళ్లీ చేశాను. మళ్లీ అంతే. పరిశోధన చేసేవాళ్లు ఏళ్ల తరబడి ఎదురుచూసే ఫలితం అది. నేను గొట్టాలు స్టాండులో పెట్టి, బాత్రూంలోకి వెళ్లి కుళాయి తిప్పుకుని ఏడ్చాను.

రెండు రోజులకు వెళ్లి చెప్పాను. ఫోన్లో చెబితే సరిపోదనిపించింది. మంచం మీద కూర్చుని ఉన్నాడు. నేను చెప్పిందంతా విన్నాడు. అంతా అయ్యాక, "మరి తినొచ్చన్నావుగా అమ్మాయ్?" అన్నాడు.

కోపంగా అనలేదు. అర్థంకాక అడిగాడు. బడిలో పిల్లవాడు లెక్క ఎక్కడ తప్పిందని అడిగినట్టు అడిగాడు. నేను చూసినవి వేరు, నువ్వు తిన్నవి వేరు బాబాయ్ అని చెప్పబోయాను. అది సాకులా వినపడుతుందని మానుకున్నాను.

ఊళ్లో చెప్పాను, ఆ మూలలో కడగొద్దని. "ముప్పై ఏళ్ల నుంచి కడుగుతున్నాం, నువ్వెవరివమ్మా?" అన్నారు. మండలాఫీసులో అర్జీ ఇచ్చాను, తీసుకున్నారు. బాబాయిని నరసరావుపేట ఆసుపత్రికి తీసుకెళ్లాలని రెండుసార్లు అనుకున్నాను. మొదటిసారి నాకు సెమినార్ ఉంది. రెండోసారి ఆయనే, "ఇప్పుడు బాగానే ఉంది, కోతలైనాక పోదాం," అన్నాడు. సరేనన్నాను. ఆయనే వాయిదా వేస్తే నాకూ పని తప్పిందని ఒక మూల తేలిగ్గా అనిపించింది. అది కూడా దాచను.

మే నెలలో ఒక పొద్దున ఆయన తెప్ప మీద వల విసరబోయి కూలబడ్డాడు. కట్ట మీద ఎవరో చూసి ఒడ్డుకు తెచ్చారు. ఆసుపత్రిలో మూడు రోజులున్నాడు. డాక్టరు ఊపిరితిత్తులన్నాడు, బీడీలన్నాడు, ఎండదెబ్బన్నాడు, వయసన్నాడు. నేను ఎంజైమ్ పరీక్ష చేయించమని అడిగేసరికి, "ఇప్పుడు చేసి ఏంచేస్తాం?" అన్నాడు. మూడో రోజు పోయాడు. నా వల్ల పోయాడో, మందు వల్ల పోయాడో, బీడీల వల్ల పోయాడో నాకు తెలియదు. ఎప్పటికీ తెలియదు. ఆ చెరువులో ఆయన తినని చేపల వివరాలన్నీ నా దగ్గరున్నాయి. తినేవాటిలో మాత్రం రెండు చేపలవే ఉన్నాయి.

గైడ్ సార్ ఎనిమిది నెలల అంకెలూ కొట్టేయించారు. థీసిస్‌లో దాని గురించి ఒక్క వాక్యం రాయమన్నారు: చేపలు పట్టిన వ్యక్తి నమూనాలను ఏరి ఇచ్చినందున మొదటి విడత సమాచారాన్ని వాడలేదు. రాశాను. చదివితే తప్పంతా ఆయనదే అన్నట్టుంటుంది. మార్చబోతే సార్ ఒప్పుకోలేదు, థీసిస్‌లో ఏడుపులు ఉండవన్నారు.

వానలు పడ్డాక మళ్లీ వెళ్లాను. పిన్ని కట్ట కింద ఇంట్లోనే ఉంటోంది. బాబాయ్ తెప్ప ఇంటి వెనక బోర్లించి ఉంది. టీ పెట్టింది. నేను అడగకుండానే, ఆయన వల పక్కూరి వాళ్లకు ఇచ్చేశానని చెప్పింది. కాసేపు ఇద్దరం వాకిట్లో కూర్చున్నాం. చివరికి అన్నాను.

"పిన్నీ, తినమని చెప్పింది నేనే."

"నువ్వు చెప్పకపోయినా ఆయన తినేవాడేనమ్మా. సచ్చుబడ్డయ్యి పారేస్తే ఆయనకు పానం ఒప్పదు. ఎన్నేళ్ల నుంచో తింటన్నాడు."

ఒక క్షణం ఊపిరి తీసుకున్నాను. సిగ్గులేని మనసు కదా, తప్పించుకునే దారి కనపడితే చాలు.

"నేను మాత్రం నువ్వు చెప్పినాకే మళ్లా తిన్నా," అంది పిన్ని.

ఆ మాటలో నిష్ఠూరం లేదు. బియ్యం అయిపోయాయని చెప్పినట్టే చెప్పింది. నేను తల ఎత్తలేకపోయాను. ఆవిడ గ్లాసు కింద పెట్టి, కుడి చేయి చాపి నా ముందు పెట్టింది. "చేపలకు వణుకుందా లేదా చూస్తావంటగా. ఆయన చెప్పేవాడు. ఇది చూడు," అంది.

ఆ చేయి పట్టుకున్నాను. గరుకు చేయి, వేళ్ల సందుల్లో పసుపు. వణుకు తెలిసింది. నా చేయి కూడా వణుకుతోంది, అందుకని ఎవరిదో తేల్చుకోలేకపోయాను. ఇన్నేళ్ల చదువూ ఆ ఒక్క చేతి దగ్గర ఎందుకూ పనికిరాలేదు. రేపు పొద్దున మొదటి బస్సుకు నరసరావుపేట వెళ్లి రక్తపరీక్ష చేయిద్దాం పిన్నీ, ఈసారి వాయిదా లేదు, నేను ఇక్కడే ఉండి తీసుకెళతాను అన్నాను.

పిన్ని నా మొహంలోకి చూసింది. డిసెంబరులో చూసినట్టే చూసింది.

"నువ్వు చెబితే సరేనమ్మా," అంది.